పూతరేకు లాంటి బ్యాటరీ

(తెలుగు కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి రాతప్రతి ఇది. మాట్లాడిన తీరు పెద్దగా మార్చలేదు. చివర శ్రోతలు అడిగిన ప్రశ్నలు, జవాబులు కూడా చేర్చాం.)



కిందటిసారి నా ప్రసంగం అయ్యాక ఒకావిడ ఫోన్ చేశారు. ఆవిడ ఇక్కడ అమెరికాలో ఉంటారు, వాళ్ళమ్మగారు గుంటూరులో. అమ్మగారికి పేస్‌మేకర్ పెట్టి తొమ్మిదేళ్ళు దాటింది. బ్యాటరీ అయిపోవస్తోంది, మార్చాలి అని డాక్టరుగారు చెప్పారట. "ఈ వయసులో మళ్ళీ కోతలు నాకెందుకే" అని అమ్మగారు వాయిదా వేస్తున్నారు. దానికి తోడు బంధువుల అబ్బాయి ఒకతను "అత్తయ్యా, కాగితం కన్నా పలచని లిథియం బ్యాటరీలు వచ్చేశాయి. ఛార్జి కూడా చేసుకోవచ్చు. కొన్నాళ్ళు ఆగితే అవే పెడతారు" అని చెప్పాడట. "ఆగమంటారా, వద్దంటారా?" అని ఈవిడ నన్ను అడిగారు.

నేను డాక్టర్ని కాను. పలచటి పొరలు తయారుచేసే పనిలో కొన్నేళ్ళు గడిపినవాణ్ణి. కాబట్టి ఆవిడ ప్రశ్నలో వైద్యం సంగతి డాక్టరుగారికి వదిలేసి, బ్యాటరీ సంగతి మాత్రం చెప్పగలను. ముందే చెప్పేస్తున్నాను: ఆ బ్యాటరీ కోసం ఆగొద్దు. ఎందుకు ఆగకూడదో అర్థం కావాలంటే ఆ పలచటి బ్యాటరీ అంటే ఏమిటో, అందులో కేథోడ్ అనే పొర ఏం చేస్తుందో తెలియాలి. ఇవాళ్టి కబురు అదే.

బ్యాటరీలో ఏం జరుగుతుంది?

బ్యాటరీ అంటే మూడు గదుల ఇల్లు అనుకోండి. ఒక చివర యానోడ్, రెండో చివర కేథోడ్, మధ్యలో ఎలక్ట్రొలైట్. లిథియం బ్యాటరీని వాడుతున్నప్పుడు యానోడ్‌లో ఉన్న లిథియం పరమాణువు తన ఎలక్ట్రాన్‌ని వదిలేసి అయాన్ అవుతుంది. ఆ అయాన్ మధ్య గదిలోంచి నడిచి కేథోడ్‌లోకి వెళుతుంది. ఎలక్ట్రాన్‌కి మధ్య గదిలో ప్రవేశం లేదు. అది బయట తీగలోంచి చుట్టు తిరిగి రావాలి. అలా తిరిగి వచ్చేటప్పుడు దారిలో మన లైటు వెలిగిస్తుంది, గడియారం నడుపుతుంది. ఛార్జి చేసేటప్పుడు ఇదంతా వెనక్కి నడుస్తుంది.

ఇందులో కేథోడ్ అతిథుల్ని దింపుకునే ఇల్లు లాంటిది. ఎంతమంది లిథియంలకి చోటుంటే బ్యాటరీ సామర్థ్యం అంత. లిథియం అక్కడ ఎంత గట్టిగా కుదురుకోవాలనుకుంటుందో దాన్నిబట్టి వోల్టేజి. లోపలికీ బయటికీ ఎంత సులువుగా నడవగలదో దాన్నిబట్టి బ్యాటరీ వేగం. అందుకే ఈ పరిశోధనలో సగం శ్రమ కేథోడ్ మీదే పోతుంది.

మన ఫోన్లో ఉండే బ్యాటరీలో కేథోడ్‌ని దోసెపిండి పద్ధతిలో చేస్తారు. కేథోడ్ పదార్థం పొడి, కరెంటు పారడానికి కొంచెం కార్బన్ పొడి, అన్నీ అతుక్కుని ఉండటానికి జిగురు, వీటిని ద్రావకంలో కలిపి జారుగా చేసి అల్యూమినియం రేకు మీద పూసి ఆరబెడతారు. ఆ పూత దాదాపు 50 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యోవంతు. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. ఆ పూతలో ఉన్న సందుల్లోకి ద్రవ ఎలక్ట్రొలైట్ ఇంకుతుంది. వేడెక్కినప్పుడు అంటుకునేది ప్రధానంగా ఆ ద్రవమే.

పలచటి పొరల బ్యాటరీలో ద్రవం లేదు, జిగురు లేదు, కార్బన్ లేదు. అన్నీ ఘనపదార్థాలే. కేథోడ్ పొర కొన్ని మైక్రాన్లు, దాని మీద ఎలక్ట్రొలైట్ ఒకటి రెండు మైక్రాన్లు, దాని మీద లిథియం మరికొన్ని మైక్రాన్లు. అన్నీ కలిపినా 15 మైక్రాన్లకి మించదు. దోసె కాదిది, పూతరేకు.

పూతరేకు ఎలా వేస్తారు?

ఆత్రేయపురంలో పూతరేకులు చేయడం చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బోర్లించిన కుండ కింద మంట. పలచటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే రెప్పపాటులో రేకు తయారు. గుడ్డ జారుడు తప్పినా, మంట హెచ్చినా రేకుకి చిల్లు.

మా పనిలో కుండకి బదులు సిలికాన్ బిళ్ళో, అల్యూమినా పలకో ఉంటుంది. గుడ్డకి బదులు శూన్యపు పెట్టె. ఎక్కువగా వాడే పద్ధతి పేరు స్పటరింగ్. గాలి తీసేసిన పెట్టెలో కొంచెం ఆర్గాన్ వాయువు వదిలి విద్యుత్తుతో దాన్ని అయాన్లుగా మారుస్తారు. ఆ అయాన్లు వెళ్ళి కేథోడ్ పదార్థంతో చేసిన దిమ్మని వేగంగా గుద్దుతాయి. బురదగుంటలో రాయి వేస్తే బురద చింది గోడకి అంటుకున్నట్టు, దిమ్మలోంచి పరమాణువులు చింది ఎదురుగా ఉన్న పలక మీద పేరుకుంటాయి. లేజర్ కిరణంతో దిమ్మని కొట్టి ఆవిరి చేసే పద్ధతి ఇంకొకటి ఉంది. పరిశోధనశాలల్లో అది కూడా బాగా వాడతారు.

ఈ వ్యవహారం చాలా నెమ్మది. నిమిషానికి 10 నానోమీటర్లు పేరుకుంటోంది అనుకోండి. 4 మైక్రాన్ల కేథోడ్‌కి 400 నిమిషాలు, అంటే ఆరుగంటల నలభై నిమిషాలు పడుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఓక్ రిడ్జ్‌లో దొరికిన గాజు

ఘన బ్యాటరీల ఆలోచన కొత్తదేమీ కాదు. 1980ల మొదట్లోనే జపాన్‌లో హిటాచి కంపెనీ పరిశోధకులు టైటానియం డైసల్ఫైడ్ కేథోడ్‌తో పలచటి పొరల బ్యాటరీ చేశారు. అసలు చిక్కు మధ్య గదిలో వచ్చింది. లిథియం లోహాన్ని తాకినా పాడవకుండా, లిథియం అయాన్లని మాత్రం పోనిస్తూ, ఎలక్ట్రాన్లని ఆపేసే ఘనపదార్థం కావాలి.

1990ల మొదట్లో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో జాన్ బేట్స్, నాన్సీ డడ్నీ బృందం దీనికి జవాబు కనిపెట్టింది. లిథియం ఫాస్ఫేట్ దిమ్మని నైట్రోజన్ వాయువులో స్పటరింగ్ చేస్తే, పొరలోకి కొంచెం నైట్రోజన్ చేరి గాజులాంటి పదార్థం తయారయింది. దాని పొడుగాటి పేరు లిథియం ఫాస్ఫరస్ ఆక్సీనైట్రైడ్, ముద్దుపేరు లైపాన్. ద్రవ ఎలక్ట్రొలైట్‌తో పోలిస్తే లైపాన్‌లో లిథియం నడక కొన్ని వేల రెట్లు నెమ్మది. మరి అది ఎలా పనికొచ్చింది? మందం ఒక్క మైక్రానే కాబట్టి! దారి అధ్వాన్నంగా ఉన్నా ఇల్లు పక్కనే అయితే ఇబ్బంది లేదు కదా. పైగా 5 వోల్టులు దాటినా అది చెక్కుచెదరదు. దాంతో అంతకుముందు ద్రవంతో కుదరని కేథోడ్‌లని కూడా పరీక్షించడానికి వీలైంది.

నాలుగు రకాల ఇళ్ళు

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ పలచటి బ్యాటరీకి ఏ కేథోడ్ పెట్టాలి?

మొదటిది వనాడియం పెంటాక్సైడ్. దీని సుగుణం ఏమిటంటే వేడి చేయకుండా మామూలు గది ఉష్ణోగ్రత దగ్గరే పొర వేసినా పనిచేస్తుంది. అంటే ప్లాస్టిక్ మీద కూడా వేసుకోవచ్చు. లోపాలు రెండు. ఒకటి, వోల్టేజి నిలకడగా ఉండదు, వాడుతున్న కొద్దీ జారిపోతూ ఉంటుంది. రెండు, ఇందులో మొదట లిథియం ఉండదు. ఖాళీ ఇల్లు. కాబట్టి అవతల యానోడ్‌గా లిథియం లోహం తప్పకుండా పెట్టాలి. లిథియం 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. ఎలక్ట్రానిక్ బోర్డుల మీద చిప్పుల్ని టంకం పెట్టే కొలిమిలో వేడి 250 డిగ్రీలు దాటుతుంది. చిప్పు పక్కనే బ్యాటరీని అతికించాలంటే ఇది పెద్ద అడ్డంకి.

రెండోది లిథియం కోబాల్ట్ ఆక్సైడ్. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ బృందం బయటపెట్టిన పదార్థం ఇది. 1991లో సోనీ కంపెనీ అమ్మిన మొదటి లిథియం అయాన్ బ్యాటరీలో కేథోడ్ ఇదే. 2019లో గుడినఫ్ గారికి 97వ ఏట, విటింగ్‌హామ్, యోషినో గార్లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో లిథియం ముందే ఉంటుంది. వోల్టేజి 3.9 దగ్గర నిలకడగా నిలబడుతుంది. పలచటి పొరల బ్యాటరీల్లో కూడా ఎక్కువమంది ఎంచుకున్నది దీన్నే.

లిథియం ముందే కేథోడ్‌లో ఉండటం వల్ల ఒక చమత్కారం సాధ్యమైంది. 2000లో ఓక్ రిడ్జ్ వాళ్ళే చూపించారు. యానోడ్ వైపు లిథియం అసలు పెట్టకుండా ఉత్త రాగి పొర వేసి వదిలేస్తారు. టంకం పని అంతా అయ్యాక మొదటిసారి ఛార్జి చేస్తే కేథోడ్‌లోంచి లిథియం వచ్చి ఆ రాగి మీద పూతలా పేరుకుంటుంది. కొలిమిలో కరగడానికి అప్పటికి అక్కడ లిథియమే లేదన్నమాట.

మూడోది లిథియం మాంగనీస్ ఆక్సైడ్. మాంగనీస్ చవక, 4 వోల్టుల వోల్టేజి. లోపల లిథియం నడిచే దారులు మూడు దిక్కులా ఉంటాయి. పట్టే లిథియం మాత్రం కోబాల్ట్ దానికంటే కాస్త తక్కువ. నాలుగోది దీనికి చెల్లెలు, అందులో కొంత మాంగనీస్‌కి బదులు నికెల్ ఉంటుంది. వోల్టేజి 4.7కి పోతుంది. ఆ వోల్టేజి దగ్గర ద్రవ ఎలక్ట్రొలైట్ విరిగిపోతుంది, లైపాన్ తట్టుకుంటుంది. 2015లో ఓక్ రిడ్జ్ బృందం ఈ కేథోడ్‌తో చేసిన పలచటి బ్యాటరీని 10,000 సార్లు ఛార్జి చేసి దింపితే ఇంకా 90 శాతం సామర్థ్యం మిగిలింది. మన ఫోన్ బ్యాటరీ వెయ్యిసార్లకే ఆయాసపడుతుంది.

ఇలాంటి పొరల మీద మన తిరుపతిలో కూడా చాలా పని జరిగింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో ప్రొఫెసర్ ఓ.ఎం. హుస్సేన్ గారి బృందం వనాడియం, మాలిబ్డినం ఆక్సైడ్లు, లిథియం కోబాల్ట్, మాంగనీస్ ఆక్సైడ్ల పలచటి పొరల మీద పరిశోధన చేసి, పారిస్‌లోని క్రిస్టియన్ జూలియన్ గారితో కలిసి పత్రాలు ప్రచురించింది. జిగురూ కార్బనూ లేని శుద్ధమైన పొర కాబట్టి, పదార్థం అసలు స్వభావం తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి నమూనా ఉండదు. బ్యాటరీ అమ్ముడుపోయినా పోకపోయినా ఆ జ్ఞానం మిగులుతుంది.

పుస్తకాలు నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?

లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌లో ఒక అందమైన చిక్కు ఉంది. దాని గురించి కాస్త ఆగి చెప్పాలి.

దీని నిర్మాణం చుట్టిన పూతరేకు లాంటిదే. కోబాల్ట్, ఆక్సిజన్ కలిసి రేకులుగా ఉంటాయి. రేకుకీ రేకుకీ మధ్య పంచదార పొడిలా లిథియం. లిథియం రేకుల మధ్య సందులోంచి అంచుల వైపు నడవగలదు గాని, రేకుని చీల్చుకుని అడ్డంగా పోలేదు. ఇంకో మాట, పంచదార మొత్తం తీసేయకూడదు. సగం వరకే తీయాలి. అంతకు మించి తీస్తే రేకుల అమరిక చెదిరి, మళ్ళీ మునుపటంత లిథియం పట్టదు. అందుకే దీన్ని మామూలుగా 4.2 వోల్టుల దగ్గర ఆపేస్తారు.

ఇప్పుడు ఈ రేకుల దొంతరని పలక మీద ఎలా పేర్చాలి? పుస్తకాల్ని బల్లమీద పడుకోబెట్టినట్టు పేరిస్తే, పైనుంచి వచ్చే లిథియంకి అట్ట తప్ప ఏమీ కనబడదు. లోపలికి దారి లేదు. అదే బీరువాలో నిలబెట్టినట్టు పేరిస్తే పేజీల అంచులు పైకి ఉంటాయి, లిథియం సూటిగా దిగిపోతుంది. దిమ్మ అదే, బరువు అదే, అమరిక తేడా, అంతే. దానివల్లే బ్యాటరీ చురుగ్గానో మందంగానో ఉంటుంది.

మరి ప్రకృతి ఎలా పేరుస్తుంది? 2000లో బేట్స్ బృందం ప్రచురించిన ఫలితం ఇది. పొర ఒక మైక్రాన్ కంటే పలచగా ఉంటే పుస్తకాలు పడుకునే అమరిక వస్తుంది, ఎందుకంటే ఉపరితలానికి అలా శక్తి తక్కువ. పొర అంతకన్నా మందమైతే లోపలి ఒత్తిడి పెరిగి, ఆ ఒత్తిడి తగ్గించుకోవడానికి స్ఫటికాలు నిలబడతాయి. అంటే మనకి కావలసిన అమరిక మందపాటి పొరలోనే సహజంగా వస్తుంది.

ఆ స్ఫటికాలు సరిగా ఏర్పడాలంటే పొరని 700 డిగ్రీల దగ్గర కాల్చాలి. ఆ వేడికి ప్లాస్టిక్ నిలవదు, మామూలు లోహపు పూతలు నిలవవు. అందుకే కింద ప్లాటినం వేస్తారు. పలకగా అల్యూమినానో, అభ్రకమో, సిలికానో ఉండాలి. సిలికాన్ అయితే లిథియం దానిలోకి దూరిపోకుండా మధ్యలో అడ్డుపొర కూడా కావాలి. మాంగనీస్ కేథోడ్‌కి దారులు మూడు దిక్కులా ఉన్నాయన్నానే, దానికి ఈ పుస్తకాల బెడద లేదు. ఒక్కో పదార్థానికీ ఒక్కో సుఖం, ఒక్కో కష్టం.

మందం పెంచితే పోదా?

సామర్థ్యం పెరగాలంటే కేథోడ్ మందం పెంచితే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. ఇక్కడే అసలు మెలిక.

ఘనపదార్థంలో లిథియం ఒక దూరం నడవడానికి పట్టే కాలం, ఆ దూరం వర్గంతో పెరుగుతుంది. మందం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లు. మందం పది రెట్లయితే కాలం వంద రెట్లు. ఒక మైక్రాన్ పొరలో లిథియం సర్దుకోవడానికి 100 సెకన్లు పట్టింది అనుకుంటే, 10 మైక్రాన్ల పొరలో 10,000 సెకన్లు, అంటే రెండున్నర గంటలు దాటుతుంది. పైగా లిథియం బయటికి వెళ్ళినప్పుడు రేకుల మధ్య దూరం సుమారు 2 శాతం పెరుగుతుంది, తిరిగి వచ్చినప్పుడు తగ్గుతుంది. పలచటి పొర ఆ సాగుడు తట్టుకుంటుంది. మందపాటి పొర పగుళ్ళు ఇస్తుంది. ద్రవం ఉంటే పగులులోకి ఇంకి దారి కలిపేది. ఇక్కడ ద్రవం లేదు కాబట్టి పగిలిన ముక్క పనికిరాకుండా పోయినట్టే. ఇక స్పటరింగ్ గంటలు ఎలాగూ పెరుగుతాయి.

పోనీ వైశాల్యం పెంచుదామా? ఎలక్ట్రొలైట్ పొర ఒక్క మైక్రాన్. దానిలో ఎక్కడో ఒక దుమ్ముకణం పడి సూదిబెజ్జం వస్తే చాలు, యానోడ్ కేథోడ్ తగులుకుని బ్యాటరీ మొత్తం షార్ట్ అవుతుంది. పూతరేకు ఎంత పెద్దదైతే చిల్లు పడే అవకాశం అంత ఎక్కువ. చిల్లున్న పూతరేకుని మడిచి తినేయవచ్చు, చిల్లున్న బ్యాటరీని పారేయాల్సిందే.

గుంటూరు అమ్మగారి లెక్క

సరే, ఇప్పుడు కాగితం పెన్సిలు తీసుకోండి.

ఒక చదరపు సెంటీమీటరు పలక మీద ఒక మైక్రాన్ మందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ ఉంటే, సగం లిథియం వాడుకునే లెక్కన దాని సామర్థ్యం 69 మైక్రో ఆంపియర్ అవర్లు. 4 మైక్రాన్లు వేస్తే 276. అంటే ఒక మైక్రో ఆంపియర్ కరెంటుని 276 గంటలపాటు ఇవ్వగలదు.

పేస్‌మేకర్ సగటున 10 మైక్రో ఆంపియర్లు వాడుతుంది అనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు. పదేళ్ళకి కావలసింది 8,76,000 మైక్రో ఆంపియర్ అవర్లు. మన పలచటి బ్యాటరీ ఒక చదరపు సెంటీమీటరుది పెడితే ఎంతసేపు వస్తుంది? 27 గంటల చిల్లర. ఒక రోజు దాటి మూడు గంటలు! పదేళ్ళు రావాలంటే 3,170 చదరపు సెంటీమీటర్లు పైగా కావాలి. అంటే 56 సెంటీమీటర్ల పొడుగు, అంతే వెడల్పు ఉన్న పలక. దాన్ని గుండె దగ్గర ఎక్కడ పెడతారు?

దొంతరగా పేరుస్తాం అంటారా? ఎస్.టి. మైక్రోఎలక్ట్రానిక్స్ కంపెనీ ఎన్‌ఫిల్మ్ అనే పేరుతో ఇలాంటి బ్యాటరీ ఒకటి చేసింది. అంగుళం పొడవు, అంగుళం వెడల్పు, 0.2 మిల్లీమీటర్ల మందం, 0.7 మిల్లీ ఆంపియర్ అవర్ సామర్థ్యం. చూశారా, పనిచేసే పొరలు పది పదిహేను మైక్రాన్లే అయినా కింద పలక, పైన తేమ తగలకుండా కప్పు కలిపేసరికి మందం 200 మైక్రాన్లయింది. పదేళ్ళ పేస్‌మేకర్‌కి ఇలాంటివి 1,250 పేర్చాలి. పాతిక సెంటీమీటర్ల దొంతర, జానెడు దాటింది.

రోజూ ఛార్జి చేసుకుంటే పోదా అంటారేమో. ఈ ప్రయోగం ఎప్పుడో జరిగింది. 1958లో స్వీడన్‌లో అర్నే లార్సన్ అనే ఆయనకి ప్రపంచంలో మొదటిసారి శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చారు. అందులో ఉన్నది బయటినుంచి ఛార్జి చేసే నికెల్ కాడ్మియం బ్యాటరీయే. ఆ పరికరం కొన్ని గంటలే పనిచేసింది, రెండోది పెట్టాల్సి వచ్చింది. ఆయన ఆ తరవాత పాతికకు పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ 86 ఏళ్ళు బతికి 2001లో పోయారు. వైద్యులు నేర్చుకున్న పాఠం ఏమిటంటే, గుండె కొట్టుకోవడం ఒక ముసలావిడ ఛార్జరు పెట్టడం మరచిపోవడం మీద ఆధారపడకూడదు.

1972లో ఛార్జి అక్కరలేని లిథియం అయొడిన్ బ్యాటరీ పేస్‌మేకర్లలోకి వచ్చింది. దీని తమాషా వినండి. లిథియం, అయొడిన్ తాకిన చోట లిథియం అయొడైడ్ అనే పలచటి ఘనపొర దానంతటదే ఏర్పడి ఎలక్ట్రొలైట్‌గా పనిచేస్తుంది. ఎక్కడైనా పగిలితే అక్కడే మళ్ళీ పొర కడుతుంది. అంటే ద్రవం లేని లిథియం బ్యాటరీ కొత్తగా వస్తుందని ఎదురుచూడక్కరలేదు. ఐదు దశాబ్దాలుగా లక్షలమంది గుండెల దగ్గర అది నిశ్శబ్దంగా పనిచేస్తూనే ఉంది.

కాబట్టి అమ్మా, మీ అమ్మగారికి చెప్పండి. మేనల్లుడు చెప్పిన బ్యాటరీ అబద్ధం కాదు, కాని అది ఆవిడ పనికి కాదు. పేస్‌మేకర్ బ్యాటరీ తగ్గుతోందని సూచన ఇచ్చాక మిగిలేది సాధారణంగా కొన్ని నెలలే. బ్యాటరీ ఒక్కటీ మార్చరు, టైటానియం డబ్బా మొత్తం మారుస్తారు. గుండెలోకి వెళ్ళే తీగలు బాగుంటే వాటిని కదపరు. మొదటిసారి అంత పెద్ద పని కాదిది. తేదీ ఖాయం చేసుకోమనండి.

మరి ఇది దేనికి?

మరి ఇంత శ్రమ దేనికి అనిపించవచ్చు. కరెంటు అతి తక్కువ, చోటు అతి తక్కువ, మధ్యమధ్య ఛార్జి దొరికే పనులు ఉన్నాయి. 2011లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు కంట్లో పెట్టి లోపలి ఒత్తిడి కొలిచే పరికరం చూపించారు. గ్లాకోమా రోగుల కోసం. మొత్తం పరికరం ఒక ఘనపు మిల్లీమీటరు చిల్లర, అందులో పలచటి పొరల బ్యాటరీ, దాన్ని ఛార్జి చేయడానికి చిన్న సౌరఘటం. అక్కడ 69, 276 అనే అంకెలు చిన్నవి కావు, పుష్కలం. బ్రిటన్‌లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం నుంచి 2004లో పుట్టిన ఇలికా కంపెనీ కూడా స్టీరియాక్స్ పేరుతో వైద్య పరికరాలకి ఇలాంటి బ్యాటరీలే తయారుచేసింది.

ధర సంగతి కూడా చెప్పాలి. 4 మైక్రాన్ల కేథోడ్‌లో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల పదార్థం ఉంటుంది, అందులో కోబాల్ట్ 1.2 మిల్లీగ్రాములు. ముడిసరుకు ఖర్చు దాదాపు శూన్యం. ఖర్చంతా శూన్యపు పెట్టె గంటలకే. ఆరుగంటల నలభై నిమిషాల లెక్క గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. కొన్ని రూపాయలకి దొరికే నాణెం బ్యాటరీతో ఆ గంటలు పోటీపడలేవు. పరిశోధనశాలలో నెగ్గి బజారులో ఓడిపోవడం అంటే ఇదే.

శ్రోతల ప్రశ్నలు

ప్రశ్న: మా పాప బొమ్మల్లో నాణెం బ్యాటరీలు ఉంటాయి. మింగితే ప్రమాదం అంటారు. ఈ పలచటివి వస్తే ఆ బెంగ తీరుతుందా?

జవాబు: అవి రావడం కోసం ఎదురుచూడకండి, ఇప్పుడే జాగ్రత్తపడండి. సి.ఆర్. 2032 అని రాసి ఉంటుంది చూడండి, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని దాని అర్థం. అది సరిగ్గా పిల్లల అన్నవాహికలో ఇరుక్కునే సైజు. లోపలి రసం కారక్కరలేదు. తడి తగలగానే కరెంటు పారి, ఆ చోట క్షారం పుట్టి రెండు గంటల్లోనే కండరాన్ని కాల్చేస్తుంది. అనుమానం వస్తే చాలు, వాంతి చేయించకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. 2022లో అమెరికాలో రీసెస్ లా అనే చట్టం వచ్చింది. ఈ బ్యాటరీలుండే వస్తువుల మూత పిల్లలు తీయలేనట్టు ఉండాలని దాని నియమం. ఇంట్లో పాత రిమోట్లు, పుట్టినరోజు కార్డులు ఒకసారి వెతకండి. వాటికి ఆ మూతలు ఉండవు.

ప్రశ్న: కార్లలోకి ఘన బ్యాటరీలు వస్తాయంటున్నారు. అవీ ఇవీ ఒకటేనా?

జవాబు: ఎలక్ట్రొలైట్ ఘనం అన్న మాట వరకే చుట్టరికం. కారుకి కావలసిన శక్తి మన 4 మైక్రాన్ల పొరలకి అందదు. అక్కడ కేథోడ్‌ని పొడి రూపంలో మందంగా పోసి, దానిలో ఘన ఎలక్ట్రొలైట్ పొడి కలిపి నొక్కాలి. పొడికీ పొడికీ మధ్య తాకిడి ఊడిపోకుండా చూడటం అక్కడి కష్టం. పలచటి పొరల్లో నేర్చుకున్న పాఠాలు వాళ్ళకి పనికొస్తాయి, పొరలు మాత్రం పనికిరావు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఈ రంగంలో ఇంకా చేయడానికి ఏమైనా ఉందా?

జవాబు: బోలెడుంది. 700 డిగ్రీలు కాల్చకుండా మంచి స్ఫటికాలు రావాలి. గంటలు పట్టే పొర నిమిషాల్లో రావాలి. కోబాల్ట్ లేకుండా కావాలి. పలక మందం తగ్గాలి. ఈ నాలుగింట్లో ఒక్కటి సాధించినా చాలు. చేతులకి ఓపిక ఉండాలి, అంతే. మా ల్యాబులో మొదటి ఏడాది నేను వేసిన పొరల్లో సగం చిల్లులే.

మొన్న ఆ గుంటూరువారి అమ్మాయికి ఈ లెక్కంతా ముందుగా ఫోన్లో చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "56 సెంటీమీటర్లు అంటే మా అమ్మ పీటంత ఉంటుందండీ, అదే చెబుతాను" అన్నారు. నా ప్రసంగం మొత్తం కన్నా ఆ పీట మాటే అమ్మగారికి బాగా ఎక్కుతుందనుకుంటాను.